కంకరగా మారుతున్న కడలి

మన తెలుగునేలలో ట్రైలోబైట్ దొరకదు. విశాఖ కొండలన్నీ త్రవ్వినా, కడప పలకలన్నీ పొరపొరగా విప్పి చూచినా దొరకదు. ఈ మాటను మొదటనే చెప్పివేయడానికి కారణమున్నది. 2023లో థాయ్‌లాండు దేశపు తరుటావ్ ద్వీపంలో పది కొత్త జాతుల ట్రైలోబైట్లను వర్ణించినారన్న వార్త, 2024లో మొరాకో దేశంలో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన ట్రైలోబైట్లు చెక్కుచెదరక దొరికినవన్న వార్త చదివిన మిత్రులు కొందరు, "మనవాళ్ళు సరిగా వెదకలేదేమో మాస్టారూ" అంటున్నారు. వెదకకపోవడం కాదు. ఆ జీవులు బ్రతికిన కాలపు సముద్రగర్భపు మట్టి మన భాగంలో మిగలలేదు, అంతే. అయితే మనకు మరొక సముద్రం మిగిలినది. రాజమహేంద్రవరం దగ్గర, గోదావరికి ఇరువైపులా, రాళ్ళ మధ్య అది పొరలుగా ఉన్నది. దానిని మనం కంకర కొట్టుకుంటున్నాము. లేనిదానికై విచారించేకంటె ఉన్నదానిని గూర్చి నాలుగు మాటలు అనుకోవడం మేలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందు ఆ ట్రైలోబైట్ అంటే ఏమిటో చూద్దాము. తర్కశాస్త్రం చదివినవారికి లక్షణదోషాలు మూడని తెలుసును: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. కపిలవర్ణం గలది ఆవు అంటే తెల్లావు జారిపోతుంది. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడ వచ్చి చేరుతుంది. ఒంటి గిట్ట గలది ఆవు అంటే ఒక్క ఆవూ మిగలదు. శిలాజశాస్త్రవేత్త ఒక కొత్త జాతిని ప్రకటించేటప్పుడు చేసే పని సరిగ్గా ఈ మూడు దోషాలనుండి తప్పించుకొనడమే. తల, నడుము, తోక అని మూడు ముక్కలుగా ఉన్నది ట్రైలోబైట్ అని చాలమంది అనుకుంటారు. అట్లైతే చీమకు కూడ మూడు ముక్కలే గదా! అది అతివ్యాప్తి. కన్నులు గలది అందామా, కన్నులు లేని గ్రుడ్డి ట్రైలోబైట్లు కూడ ఉండేవి కనుక అవ్యాప్తి. నేలమీద ప్రాకేది అంటే అసంభవం, నేల ఎక్కిన ట్రైలోబైట్ ఒక్కటి కూడ ఎవరికీ తెలియదు. అసలు విషయమేమంటే ఆ మూడు భాగాలు అడ్డంగా కాదు, నిలువుగా చూడవలెను. వీపు మీద తలనుండి తోకదాకా నడిమి గట్టు ఒకటి, దానికి ఎడమ కుడి వైపుల రెండు రెక్కల వంటి భాగాలు. అవీ మూడు. పేరు వచ్చినది అందుకు.

ఇవి పీతలకు, తేళ్ళకు దూరపు చుట్టాలు. సుమారు 52 కోట్ల సంవత్సరాల నాడు సముద్రాలలో కనిపించి, 25 కోట్ల సంవత్సరాల నాడు పెర్మియన్ యుగాంతపు మహావినాశంలో చివరి జాతులు పోయినవి. మానవజాతి వయస్సుతో పోల్చడానికి కూడ మనకు ముఖం చెల్లదు. ఇంతవరకు వర్ణింపబడిన జాతులు 20,000కు పైమాటే. వీటి కంటి కటకాలు సున్నపురాతి స్ఫటికంతో ఏర్పడినవి. అంటే రాతికన్నుతో లోకాన్ని చూచిన జీవులన్నమాట! ఏ ప్రబంధకవికీ ఈ కల్పన తట్టలేదు. పాము కుబుసం విడిచినట్లు ఇవి పెరుగుతూ పెంకులు విడిచేవి. కనుక ఒక్క జీవి బ్రతుకులో ఎన్నో గుర్తులు మట్టిలో మిగిలినవి. మనకు దొరికేవాటిలో చాలభాగం చచ్చిన కళేబరాలు కావు, విడిచిన చొక్కాలు.

వర్ణన అనగానే మనకు ప్రబంధంలోని అష్టాదశవర్ణనలు గుర్తుకు వస్తాయి. సముద్రవర్ణన వాటిలో ఒకటి. అక్కడ కవి ప్రతిభ ముఖ్యం. ఇక్కడ ప్రతిభను అణచుకొనడం ముఖ్యం. తల అంచు ఎంత వెడల్పు, నడుము కణుపులెన్ని, తోకముల్లు ఏ కోణంలో వంగినది, ఏ ఊరిలో, ఏ పొరలో దొరికినది, ఏ సంగ్రహాలయంలో ఏ సంఖ్యతో దాచినారు అని వ్రాసుకుంటూ పోవడమే. ఒక రాతిని మూలప్రతిగా నిర్ణయించి భద్రపరుస్తారు. తాళపత్రాల పాఠభేదాలు సరిచూచే పండితుడు చివరకు ఏ మాతృకను ఆశ్రయిస్తాడో, రేపు మరొకచోట అటువంటిదే దొరికితే శాస్త్రవేత్త కూడ ఆ మూలశిల దగ్గరకే వచ్చి సరిచూచుకుంటాడు. ఈ పని చదవడానికి రుచిగా ఉండదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. దాని ఫలం మాత్రం ఎప్పుడు చేతికి వస్తుందో చెప్పలేము.

ఒక్క ఉదాహరణ చాలును. హిమాలయాలలోని స్పితి లోయలో హెన్రీ హేడెన్ అనే భూవిజ్ఞాన సర్వేక్షణ అధికారి ఏరిన రాళ్ళను కౌపర్ రీడ్ అనే పండితుడు పరిశీలించి 1910లో ఒక గ్రంథం ప్రకటించినాడు. అందులోని ఒక చిన్న ట్రైలోబైట్‌కు 'ఇండికస్' అని పేరు పెట్టినాడు, భారతదేశపుది అని అర్థం. నూట ఎనిమిదేళ్ళ తరువాత, 2018లో, కేంబ్రియన్ యుగంలో ఒక భాగం ఎక్కడ మొదలైనదో ప్రపంచమంతటికీ ఒకే గుర్తుగా నిర్ణయింపవలసి వచ్చినప్పుడు, శాస్త్రజ్ఞులు ఎన్నుకొన్న గుర్తు ఈ ఇండికస్ జాతి తొలిసారి కనిపించే పొర. ఆ పొర ఉన్న చోటు చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో ఉన్నది. పేరు మనది, కొలతరాయి వారిది. స్పితిలో రాయి ఏరిననాడు, పెంకు అంచులు కొలిచిననాడు ఆ ఇద్దరిలో ఎవరికీ ఇది ఊహకైనా అందియుండదు.

ఇక మన దగ్గర ఎందుకు లేవు? విశాఖపట్నంలో కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండలు అన్నీ ప్రధానంగా ఖొండలైట్ అనే రాయి. ఆ పేరును 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రవేత్త ఖోండు గిరిజనుల పేరిట పెట్టినాడు. ఆ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న బంకమట్టియే. దాదాపు నూరు కోట్ల సంవత్సరాల క్రిందట భూమిలోతున ఉడికి, నలిగి, కెంపువన్నె గార్నెట్ గింజలతో మరొక రాయిగా మారిపోయినది. రామకృష్ణా బీచిలో తడియిసుకపై అక్కడక్కడ ఎర్రని చార కనిపిస్తుంది చూడండి, అవి ఆ గింజలే. అంత ఉడికిన మట్టిలో జీవి గుర్తు ఉండదు. ఉడకకముందు కూడ పెంకు గల జీవి పుట్టనే లేదు.

కర్నూలు, కడప, పలనాడు ప్రాంతాల సున్నపురాళ్ళు ఉడకలేదు. అవి ఇప్పటికీ చూడగానే సముద్రపు అడుగు అని చెప్పదగినట్లే ఉన్నవి. మన ఇళ్ళలో పరచుకొన్న నాపరాయి అదే. పాఠకులలో చాలమంది ఈ క్షణాన ఆ సముద్రగర్భం మీదనే కాళ్ళు పెట్టుకొని కూర్చొని ఉండవచ్చును. కాని అది కూడ ట్రైలోబైట్లకు ముందటి సముద్రం. కడప జిల్లా వేంపల్లె రాళ్ళలో, సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటివాటిలో, సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన గుండ్రని గుట్టలు ఉన్నవి. అంతకు మించి పెద్ద ప్రాణి లేదు. మన ఉక్కు కర్మాగారం సున్నపురాతిని జగ్గయ్యపేట గనులనుండి తెచ్చుకొంటూ వచ్చినది. అదీ ఆ ప్రాచీన సముద్రమే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకొన్న ఆ కొలుములలోనికి ఒక కడలి అడుగు వెళ్ళి కరిగి చిట్టెమై బయటకు వస్తున్నదన్న సంగతి నాకు ఎందుకో వింతగా ఉంటుంది.

అక్కడితో మన రాతిపుస్తకంలో పుటలు చినిగిపోయినవి. మళ్ళీ పుట తెరిస్తే సింగరేణి బొగ్గు. అది ఏర్పడిన పెర్మియన్ కాలానికి ట్రైలోబైట్లు కొన్ని సముద్రాలలో ఇంకా మిగిలియున్నవి. కాని మన దగ్గర అప్పుడున్నవి నదులు, చిత్తడి అడవులు. సముద్రం ఉన్నప్పుడు అవి లేవు, అవి ఉన్నప్పుడు సముద్రం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాటేరు, పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. ఈ ఊళ్ళ పేర్లు మన జిల్లాలవారికి నల్లరాతి క్వారీలతో ముడిపడినవి. అక్కడి నల్లరాయి లావా. మహారాష్ట్రలోని పడమటి కనుమల వైపు పుట్టి, ప్రాచీన నదీలోయల వెంట సుమారు వేయి కిలోమీటర్లు పారి, ఇప్పటి రాజమహేంద్రవరం దగ్గర సముద్రతీరాన్ని చేరినదని శాస్త్రజ్ఞుల నిర్ణయం. భూమిమీద తెలిసిన లావా ప్రవాహాలలో అత్యంత దీర్ఘమైనవి ఇవే కావచ్చునని 2008లో ఒక పరిశోధన ప్రకటించినది. ఆ లావా క్రింద ఒక సముద్రపు పొర ఉన్నది. దానిలో ట్యూరిటెల్లా అనే మెలితిరిగిన నత్తగుల్లలు కోకొల్లలు. లావాకు లావాకు నడుమ మరొక పొర ఉన్నది. దానిలో సముద్రపు గవ్వలు, ఉప్పునీరు మంచినీరు కలిసే మొగవాటి గవ్వలు, సున్నపు శైవలాలు, కంటికి కనబడనంత చిన్న ఫొరామినిఫెరా. అది లోతులేని తీరసముద్రం. ఇప్పటి కోరంగి మడల దగ్గరి నీళ్ళను ఊహించుకొంటే చాలవరకు సరిపోతుంది.

ఆ పొర కాలమే దాని ప్రత్యేకత. డైనోసార్లు నశించిన 6.6 కోట్ల సంవత్సరాల నాటి మహావినాశం మనకందరికీ కథగా తెలుసును. గెర్టా కెల్లర్, మన దేశపు సునీల్ బాజ్‌పాయ్ మొదలైనవారు 2008లో రాజమండ్రి క్వారీలలోని ఫొరామినిఫెరాలను పరిశీలించి, నడిమి పొర ఆ వినాశం జరిగిన వెంటనే పేరుకొన్నదని చూపినారు. పాత జాతులు పోయి, చిన్న చిన్న కొత్త జాతులు తలయెత్తుతున్న సమయమది. దక్కను లావాకూ ఆ వినాశానికీ ఉన్న సంబంధం ఎంత, ఆకాశంనుండి పడిన పిండం పాలు ఎంత అన్న వివాదం ప్రపంచంలో నేటికీ తెగలేదు. ఆ వ్యాజ్యంలో గౌరీపట్నం క్వారీగోడ ఒక సాక్షి. లావా, సముద్రపు మట్టి ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉండి, రెండింటి కాలాన్నీ సరిచూడగల చోట్లు లోకంలో ఎన్నో లేవు.

నేను ఉద్యోగపు తొలినాళ్ళలో, 1980ల నడిమి కాలంలో, కొవ్వూరు ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసినాను. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు ఒకనాడు అరచేతిలో పట్టేంత రాయి తెచ్చి బల్లమీద పెట్టి, "మాస్టారండీ, రాతిలో మరమేకులు ఎవరు దిగ్గొట్టారండీ?" అని అడిగినాడు. వాని తండ్రి క్వారీలో సుత్తి పని చేసేవాడు. ట్యూరిటెల్లాను అంతకంటె చక్కగా వర్ణించిన వాక్యం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. సైన్సు మాస్టారి సహాయంతో అదేమిటో తెలుసుకొని వానికి చెప్పినాను, రాయిని బీరువాలో పెట్టించినాను. ఆ తరువాత మరి నలుగురైదుగురు పిల్లలు తెచ్చినారు. బీరువా ఒక అర నిండినది. నాకు బదిలీ అయిన కొన్నేళ్ళకు వెళ్ళి అడిగితే, వెల్లవేయించేటప్పుడు ఆ రాళ్ళను బయట పారవేసినామన్నారు. ఎవరినీ తప్పుపట్టలేను. ఏ రాతికీ చీటీ లేదు, చీటీ లేని రాయి రాయే గదా.

ఈ శిలాజాలను మొదట గుర్తించినవాడు బెంజా అనే వైద్యుడు. 1835లో ఉత్తర సర్కారులలో ప్రయాణిస్తూ పంగిడి దగ్గర చూచి వ్రాసినాడు. నాగపూరులో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ అనే మతబోధకుడు 1860లో రాజమండ్రి గవ్వలను కూడ చేర్చి సచిత్రంగా వర్ణించినాడు. అప్పుడు పెట్టిన పేర్లు చూడండి: సెరీథియం స్టొడ్డార్డి, నాటికా స్టొడ్డార్డి. నిర్మల వైపు కొండలలోను, కాటేరులోను దొరికే మంచినీటి నత్తకు ఫైసా ప్రిన్సెపీ. మన మట్టిలో ఆరున్నర కోట్ల సంవత్సరాలు పడియున్న ప్రాణులకు స్టొడ్డార్డు దొర, ప్రిన్సెప్ దొర పేర్లు! దీనిని గూర్చి ఆగ్రహించేవారున్నారు. నాకు ఆగ్రహం లేదు. చూచినవాడు, శ్రద్ధగా వ్రాసినవాడు పేరు పెడతాడు. మనం చూడలేదు. అది వారి నేరం కాదు.

చూచినప్పుడు పేర్లు మారినవి కూడ. ప్రకాశం జిల్లా బూదవాడ ఊరి అమ్మోనైట్‌కు స్పాత్ అనే ఆయన 1933లో 'బూదవాడెన్సిస్' అని పేరు పెట్టినాడు. ఆదిలాబాదు అడవులలోని యామన్‌పల్లి ఊరు యాదగిరిగారు 1988లో వర్ణించిన 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అనే డైనోసారుతో ప్రపంచ గ్రంథాలలోనికి ఎక్కినది. 1930ల దశకంలో ఎల్. రామారావు, ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు ప్రభృతులు రాజమండ్రి సున్నపురాళ్ళలోని సూక్ష్మజీవులను, శైవలాలను పరిశీలించి ప్రకటించినారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన ఆచార్య సి. మహాదేవన్ పేరు తూర్పుతీరాన సముద్రం అడుగున ఉన్న ఒక లోయకు పెట్టబడినది. లాఫాండ్ అనే అమెరికను సముద్రశాస్త్రవేత్త 1964లో ప్రకటించిన వ్యాసంలో ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని మూడు లోయల పేర్లున్నవి. బీచిలో సాయంకాలం వ్యాహ్యాళికి వచ్చే వేలమందిలో ఈ సంగతి తెలిసినవారు ఎందరో నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ పేరు సంగతి కూడ తేల్చివేస్తాను. ట్రైలోబైట్‌ను 'త్రిఖండి' అనో మరొకటనో సంస్కృతీకరించడం నాకు ఇష్టం లేదు. భీష్మపర్వంలో పాత్ర అనుకుంటారు. జాతి పేరు లోకమంతటా ఒకటే ఉండనివ్వండి. తెలుగు కావలసినది వర్ణనకు. నడిమి గట్టు, కణుపు, ముల్లు, పెంకు, చెక్కిలి, గొరక, మెలిక. ఈ మాటలన్నీ మన దగ్గర సిద్ధంగా ఉన్నవి. మరమేకు కూడ ఉన్నది. పాఠ్యపుస్తకం వ్రాసేవారు ఈ మాటలు విడిచి 'అక్షీయ ఖండము', 'పార్శ్వ లంబిక' అని వ్రాసినప్పుడు, రాయి పట్టుకొని వచ్చిన పిల్లవాడు పుస్తకం మూసివేస్తాడు. పండితుణ్ణై యుండి ఈ మాట అంటున్నందుకు నా తోటివారు కోపగింపకుందురు గాక.

శిలాజం మనకు కొత్త కాదు. ఇంటింటా పూజామందిరంలో ఉన్న సాలగ్రామాలలో చాలవాటిలోని చక్రం, గండకీనది నల్లరాళ్ళలో నిలిచిపోయిన అమ్మోనైట్ అనే సముద్రజీవి పెంకే. చక్రాలెన్ని, ద్వారం ఎటువైపు, వర్ణమేమి అని పెద్దలు లక్షణాలు చెప్పి, దానినిబట్టి మూర్తిభేదం నిర్ణయించినారు. రాతిని అంత శ్రద్ధగా చూచే అలవాటు మనకున్నదని చెప్పడానికే ఈ ప్రస్తావన. మనవారికి డార్విన్ ముందే తెలుసునని, మత్స్యావతారమే జీవపరిణామమని వాదించడానికి కాదు. ఆ వాదం భక్తికీ మేలు చేయదు, శాస్త్రానికీ చేయదు. సాలగ్రామానికి గండకి అన్న నది పేరు ఎంత ముఖ్యమో, శిలాజానికి దొరికిన ఊరు అంత ముఖ్యం. ఊరు తప్పితే ఏమవుతుందో ఈ దేశం చూచినది. చండీగఢ్‌లోని ఒక ఆచార్యుడు హిమాలయాలలో దొరికినవని ప్రకటించిన శిలాజాలు ఎక్కడెక్కడివో అని జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 1989లో 'నేచర్' పత్రికలో బయటపెట్టినాడు. వాటిని దేశదిమ్మరి శిలాజాలన్నాడు. ఆ ఒక్కని చేత హిమాలయాల శాస్త్రసాహిత్యమంతా ఏళ్ళతరబడి సంశయగ్రస్తమైపోయినది. దానికి ఎదురు భీమబెట్కా ఉదంతం. అక్కడి గుహ పైకప్పున అతిప్రాచీన జీవి డికిన్సోనియా గుర్తు కనిపించినదని 2021లో ప్రకటించినారు. తరువాత మరొక బృందం వెళ్ళి చూస్తే అది తేనెపట్టు ఊడిపోయిన మచ్చ. మొదట ప్రకటించినాయన దానిని అంగీకరించినాడు. గుహ అక్కడే ఉండబట్టి మళ్ళీ వెళ్ళి చూడగలిగినారు! గోడ లేకపోతే తప్పును సరిదిద్దుకొనే దారి కూడ ఉండదు.

నా వాదమంతా ఆ గోడ గూర్చే. మన భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినది. 2025లో తిరుమల కొండలతో పాటు అవి యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి. అయినా 2024 జూలైలో అక్కడ యంత్రాలు దిగి చదును చేయడం మొదలుపెట్టినవి. పట్టణవాసులు, పత్రికలు గోల చేస్తే ఆగినవి. గోల చేయడానికి మనుషులున్నారు. ఆ దిబ్బలు అందమైనవి, సినిమా పాటలు తీసిన చోటు, కారు దిగితే కనిపిస్తాయి. గౌరీపట్నం క్వారీకి ఆ అందం లేదు. దుమ్ము, క్రషర్ల మోత, లారీలు. నడిమి పొర నల్లరాతి మధ్య బూడిదరంగు చార వలె ఉంటుంది. క్వారీవారికి అది తీసిపారవేయవలసిన పనికిరాని మట్టి. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల రక్షణకు ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచినది. ముసాయిదా వెళ్ళి క్రషరుకు అడ్డు నిలువదు.

రోడ్లకు కంకర వద్దా అని అడుగుతారు. కావలెను. ఆ క్వారీలమీద బ్రతికే కుటుంబాలున్నవి, వారి పిల్లలకు నేను పాఠం చెప్పినాను. క్వారీలు మూయమని నేను అనడం లేదు. పని ముగిసి నీళ్ళు నిండి వదిలివేసిన గుంటలు అక్కడ ఉన్నవి. వాటిలో క్రింది సముద్రపు పొర, దానిపై లావా, దానిపై నడిమి పొర, మళ్ళీ లావా, ఈ వరుస చక్కగా కనిపించే గోడ ఒకటి, పోనీ రెండు, ఎంచి కంచె వేయమంటున్నాను. పొరుగున విశ్వవిద్యాలయాలున్నవి, ఎంచడం వారికి ఒక వారం పని. గోడ ముందు తెలుగులో ఒక పలక. అంతకంటె వ్యయం కాని పని మరొకటి కూడ ఉన్నది: ఆ చుట్టుపట్ల ఉన్నత పాఠశాలలలో ఒక్కొక్క చెక్కపెట్టె. పిల్లలు తెచ్చే ప్రతి రాతికీ ఒక చీటీ. ఊరి పేరు, క్వారీ పేరు, లావాకు క్రిందనా నడుమనా, తెచ్చిన తేదీ, తెచ్చిన పిల్లవాని పేరు, చూడగానే వానికి ఏమని తోచినదో వాని మాటల్లోనే ఒక వాక్యం. ఆ చివరి గడిని మాస్టార్లు దిద్దకూడదు. భాషాదోషాలున్నా సరే.